సంక్రాంతికి మా ఊళ్ళో టీవీ గేముల పందిరి: ఏ ఆటలు పెట్టాలి?

రాజోలు_రేవు | డిసెంబర్ 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది రాజోలు పక్కన చిన్న ఊరు. ఏటా సంక్రాంతికి మా కుర్రాళ్ళం కలిసి ముగ్గుల పోటీ, పిల్లలకి పరుగు పందాలు పెడుతుంటాం. ఈసారి లైబ్రరీ అరుగు మీద పందిరి వేసి పాత టీవీ గేములు ఆడించాలని అనుకున్నాం. పండక్కి హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళుంటారు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్ళుంటారు, వాళ్ళ పిల్లలుంటారు. తండ్రీ కొడుకూ పక్కపక్కన కూర్చుని ఒకే ఆట ఆడుతుంటే చూడాలని నా కోరిక.

ఇప్పటిదాకా పోగైన సామాను: క్యాసెట్ పెట్టి ఆడే పాత టీవీ గేమ్ ఒకటి (రెండు రిమోట్లు, ఒక గన్ను), ప్లేస్టేషన్ 2 ఒకటి, మా పెద్దమ్మగారి అబ్బాయి కువైట్ నుంచి తెచ్చిన నింటెండో వీ ఒకటి. అది చాలా ఏళ్ళుగా అటక మీదే ఉంది. ఎల్‌ఈడీ టీవీలు రెండు దొరికాయి. భోగి నాడు సాయంత్రం, పండగ నాడు పొద్దున్నుంచి రాత్రిదాకా ఆడిస్తాం. కనుమ నాడు ఊరంతా ప్రభల తీర్థానికి వెళ్ళిపోతుంది కాబట్టి ఆ రోజు పెట్టుకోలేదు.

ప్రపంచంలో ఇంటి కన్సోళ్ళ (టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టెల) మీద బాగా అమ్ముడైన ఆటలే పెట్టి, ఒక్కో టీవీ పక్కన అట్ట మీద "ఈ ఆట ఇన్ని కోట్లు అమ్ముడైంది" అని రాద్దామనుకుంటున్నాను. నేను రాసుకున్నవి: వీ స్పోర్ట్స్, సూపర్ మారియో బ్రదర్స్, గన్నుతో బాతుల్ని కాల్చే డక్ హంట్, గ్రాండ్ థెఫ్ట్ ఆటో (జీటీఏ) శాన్ ఆండ్రియాస్. తప్పుంటే చెప్పండి, మీ సలహా కూడా ఇవ్వండి.

కాటన్_కాలువ | డిసెంబర్ 18, రాత్రి 10:25

రేవు గారూ, మంచి పని పెట్టుకున్నారు. ఈ లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం, అట్టల మీద రాతపని నాకు వదిలేయండి.

ముందు ఒకటి తేల్చుకోవాలి. అన్ని మెషీన్ల మీదా కలిపి చూస్తే మైన్‌క్రాఫ్ట్‌ని దాటింది లేదు, 2023 నాటికే 30 కోట్లు దాటేసింది. జీటీఏ 5 కూడా 20 కోట్లు దాటింది. కానీ మైన్‌క్రాఫ్ట్ లెక్కలో ఫోన్లూ కంప్యూటర్లూ కూడా ఉన్నాయి. టీవీకి తగిలించే ఒకే ఒక్క పెట్టె మీద ఎక్కువ అమ్ముడైంది ఏది అంటే వీ స్పోర్ట్స్. 2006లో వచ్చింది, 8.29 కోట్లు. టెన్నిస్, బేస్‌బాల్, బౌలింగ్, గోల్ఫ్, బాక్సింగ్, అన్నీ చెయ్యి ఊపి ఆడేవే.

అయితే జపాన్, దక్షిణ కొరియా తప్ప మిగతా దేశాల్లో ఆ ఆట వీ పెట్టెలోనే పెట్టి ఇచ్చారు. వీ మొత్తం 10.16 కోట్లు పోయింది. పెట్టె కొన్నవాడికి ఆట కూడా వచ్చేసేది. అది ఎంచుకుని కొన్నట్టు కాదు. మారియో కథ కూడా కొంతవరకు అంతే. సూపర్ మారియో బ్రదర్స్ 1985 సెప్టెంబర్ 13న జపాన్‌లో వచ్చింది, 4.02 కోట్లు. డక్ హంట్ 2.83 కోట్లు. అమెరికాలో ఈ రెండూ ఒకే క్యాసెట్‌లో వేసి, గన్నుతో సహా పెట్టెలో అమ్మారు. డక్ హంట్ అంత పైకి రావడానికి కారణం అదే.

శాన్ ఆండ్రియాస్ ప్లేస్టేషన్ 2 మీద 1.73 కోట్లు. మారియోలో సగం కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ వీ స్పోర్ట్స్‌లా దాన్ని ప్రతి పెట్టెలో పడేసి ఇవ్వలేదు, అడిగి కొనుక్కున్నారు. ఇంకో వైపు నుంచి చూడండి. ప్లేస్టేషన్ 2 పెట్టెలు 15.5 కోట్ల పైన పోయాయి, ఇంటి కన్సోళ్ళలో అంత అమ్ముడైంది ఇంకొకటి లేదు. అంటే దాదాపు తొమ్మిది ఇళ్ళకి ఒక ఇంట్లో శాన్ ఆండ్రియాస్. మారియో వచ్చిన నింటెండో తొలి క్యాసెట్ కన్సోల్ 6.19 కోట్లు, అందులో మారియో 4.02 కోట్లు. మూడిళ్ళలో రెండిళ్ళలో మారియో ఉన్నాడు!

ఇవన్నీ కంపెనీ షాపులకి పంపిన సరుకు లెక్కలు. ఎవరు ఎన్ని గంటలు ఆడారన్నది వీటిలో ఉండదు. అట్ట మీద "అమ్ముడైంది" అనే రాద్దాం, "ఎక్కువమంది ఆడింది" అని రాయొద్దు.

యనమదుర్రు | డిసెంబర్ 19, ఉదయం 6:15

భీమవరంలో టీవీలు, మిక్సీలు రిపేరు చేస్తానండి. డక్ హంట్ మీ ఎల్‌ఈడీ మీద ఆడదు. ముందే చెబుతున్నాను, ఆ రోజు పిల్లలు గన్ను పట్టుకుని ఏడవకూడదు.

గన్నులోంచి టీవీలోకి ఏదో వెళ్తుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి తిరగబడి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం మొత్తం నల్లబడుతుంది, వెంటనే బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. గన్ను మూతిలో వెలుగుని పట్టే సెన్సార్ ఉంటుంది. ముందు నలుపు, ఆ వెంటనే తెలుపు కనబడితేనే దెబ్బ తగిలినట్టు. అందుకే ట్యూబ్‌లైట్ వైపు తిప్పి కాలిస్తే లెక్కలోకి రాదు. రెండు బాతులుంటే గడులు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి, దాన్నిబట్టి ఏ బాతో తెలుసుకుంటుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోవాలి. పిక్చర్ ట్యూబ్ టీవీ ఏ గీత ఎప్పుడు గీయాలో అప్పుడే గీస్తుంది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మని కాస్త ఆగి చూపిస్తుంది. అప్పటికి గన్ను చూడటం అయిపోతుంది.

కాబట్టి ఒక డబ్బా టీవీ వెతకండి. మా షాపుకి ఇప్పుడు నెలకొకటి కూడా రావడం లేదు, అన్నీ పాత సామాన్ల బండికి వెళ్ళిపోయాయి.

క్యాసెట్ నోటితో ఊదకండి. ఊదితే ఆడింది కదా అంటారు. ఆడింది ఊదినందుకు కాదు, తీసి మళ్ళీ సరిగ్గా పెట్టినందుకు. ఉమ్ము తడి రాగి పళ్ళ మీద పడితే చిలుం పడుతుంది. మీ వైపు సముద్రపు గాలికి అసలే తొందరగా పడుతుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో పళ్ళు తుడిచి, ఆరాక పెట్టండి. మరీ నల్లగా ఉంటే పిల్లలు పెన్సిల్ చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్దండి.

అడాప్టర్ సంగతి కూడా చూసుకోండి. పిన్ను మధ్యలో ప్లస్ ఉండేవీ ఉన్నాయి, మైనస్ ఉండేవీ ఉన్నాయి. పెట్టె అడుగున గుర్తు ఉంటుంది, చూడకుండా ఏది దొరికితే అది గుచ్చకండి.

తాపేశ్వరం_కాజా | డిసెంబర్ 19, మధ్యాహ్నం 1:05

శాన్ ఆండ్రియాస్ తీసేయండి అన్నా. ఆ ఆట నాకు ప్రాణం, అయినా తీసేయమనే చెబుతున్నాను. అది పెద్దవాళ్ళ ఆట, బ్రిటన్‌లో 18 ఏళ్ళు నిండినవాళ్ళకే అని ముద్ర వేసి అమ్మారు. లైబ్రరీ అరుగు మీద, మామ్మల ముందు అది ఆడించలేం. పైగా ఒక్కడే ఆడుతుంటాడు, మిగతావాళ్ళు నిలబడి చూడాలి.

ఇంటర్ చదివేటప్పుడు రావులపాలెంలో ఒక గేమ్ సెంటర్‌కి వెళ్ళేవాణ్ణి. గంటకి 20 రూపాయలు. నాలుగు ప్లేస్టేషన్ 2లు, అన్నీ చిప్ వేయించినవే, అన్నీ కాపీ డీవీడీలే. ఒరిజినల్ డిస్క్ ఎలా ఉంటుందో నేను ఉద్యోగం వచ్చాక చూశాను. కాటన్ గారు చెప్పిన 1.73 కోట్లలో మేం ఎవరం లేం. అక్కడ జనం గుంపుగా చేరేది రెండింటి దగ్గరే: టెక్కెన్, రెజ్లింగ్. ఇద్దరు ఆడతారు, ఓడినవాడు లేచి ఇంకొకడికి రిమోట్ ఇస్తాడు. వరుస కదులుతూనే ఉంటుంది. పందిట్లో మీకు కావాల్సింది అదే. నా దగ్గర టెక్కెన్ 5 ఒరిజినల్ ఉంది, పండక్కి వచ్చేటప్పుడు తెస్తాను.

ఇంకో మాట. ప్లేస్టేషన్ 2 మీద మన హైదరాబాద్‌లో తయారైన ఆటలున్నాయని చాలామందికి తెలీదు. 2009లో "హనుమాన్: బాయ్ వారియర్" వచ్చింది, మన దేశంలోనే మొత్తం తయారైన తొలి ప్లేస్టేషన్ 2 ఆట అది. అదే ఏడు "దేశీ అడ్డా" వచ్చింది, అందులో కబడ్డీ, గాలిపటాలు, మన గోటీబిళ్ళ ఉంటాయి. ఎవరి దగ్గరైనా డిస్క్ ఉంటే చెప్పండి, సంక్రాంతికి గాలిపటాల ఆట కంటే ఏం కావాలి?

లంక_పిల్లాడు | డిసెంబర్ 19, రాత్రి 8:50

అన్నా, మరి మారియో కార్ట్ 8 డీలక్స్? నింటెండో కొత్త కన్సోల్ స్విచ్ మీద 6 కోట్లు దాటింది. సూపర్ మారియో బ్రదర్స్ కంటే ఎక్కువ. మా రూమ్మేట్ దగ్గర స్విచ్ ఉంది, అడిగితే ఇస్తాడు. నలుగురం ఒకేసారి ఆడొచ్చు.

కాటన్_కాలువ | డిసెంబర్ 19, రాత్రి 9:20

తమ్ముడూ, నువ్వన్నది నిజమే, నా లెక్కలో రెండో స్థానం దానిదే. స్విచ్‌ని చేత్తో పట్టుకుని కూడా ఆడతారు కాబట్టి కొందరు దాన్ని ఇంటి కన్సోళ్ళలో కలపరు. నేను కలుపుతాను. కానీ రేవు గారు "పాత" టీవీ గేములు అన్నారు.

నరసాపురం_లేసు | డిసెంబర్ 20, ఉదయం 11:30

నేను ఇక్కడ ఎప్పుడూ చదివి వెళ్ళిపోతుంటాను. ఈ విషయం చూశాక రాయకుండా ఉండలేకపోయాను. కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి.

మా అమ్మ కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళింది, నాకు తొమ్మిదేళ్ళప్పుడు. మేం అమ్మమ్మ దగ్గర ఉండేవాళ్ళం, నేనూ తమ్ముడూ. మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు అమ్మ పెట్టెలో మా కోసం తెచ్చినవి: నిడో పాలపొడి డబ్బాలు, నాకు గౌను, తమ్ముడికి బూట్లు, ఇద్దరికీ కలిపి ఒక టీవీ గేమ్. "ఇద్దరికీ కలిపి" అని అమ్మ రెండుసార్లు చెప్పింది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

మా వీధి చివర ఒక గేమ్ షాపు ఉండేది. అందులోకి ఆడపిల్లలు వెళ్ళేవాళ్ళు కాదు. వెళ్ళొద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు, అయినా వెళ్ళేవాళ్ళం కాదు. బయట నిలబడి తమ్ముణ్ణి పిలుచుకు రావడానికి మాత్రమే ఆ గుమ్మం దాకా వెళ్ళాను. ఇంట్లోకి టీవీ గేమ్ వచ్చాకే రిమోట్ నా చేతికొచ్చింది. మీరు ఇంటి కన్సోల్ ఇంటి కన్సోల్ అంటున్నారు కదా, అందులో "ఇంటి" అన్న మాట నాకు చాలా పెద్దది.

మేం ఎక్కువ ఆడింది మారియో కాదు. ట్యాంకుల ఆట. బ్యాటిల్ సిటీ. ఇటుక గోడల మధ్య మన గద్ద బొమ్మ ఉంటుంది, దాన్ని కాపాడుకోవాలి. పసుపు ట్యాంకు నాది, ఆకుపచ్చది తమ్ముడిది. మధ్యాహ్నం అమ్మమ్మ లేసు అల్లుతూ కూర్చునేది. తెర వైపు చూసేది కాదు గానీ, గద్ద పోయినప్పుడు వచ్చే చప్పుడు ఆమెకి తెలుసు. "పోయిందా పిట్ట?" అని అడిగేది. ఒకరు కింద గద్ద దగ్గర కాపలా ఉంటే ఇంకొకరు పైకి వెళ్ళాలి. ఎవరు కాపలా ఉండాలి అన్నదాని మీదే మా గొడవలన్నీ. అందులోనే మన చేత్తో గోడలు కట్టుకునే వీలు కూడా ఉంది. తమ్ముడు గద్ద చుట్టూ ఇనుప గోడ కట్టేసి "ఇప్పుడెవరొస్తారో చూస్తా" అనేవాడు. అమ్మ ఫోను నెలకోసారి వచ్చేది, ఎదురింటికి. ఫోనులో తమ్ముడు ముందు చెప్పేది ఎన్నో స్టేజీ దాకా వెళ్ళామన్నదే.

కాటన్ గారి లెక్క చదివాక బ్యాటిల్ సిటీ కోసం వెతికాను. ఆ జాబితాలో ఎక్కడా లేదు. మా ఊళ్ళో నా వయసువాళ్ళని ఎవర్ని అడిగినా మారియో, కాంట్రా, ట్యాంకులు అంటారు. మరి ఎక్కువ అమ్ముడైనవి అని అట్టలు రాసి, ట్యాంకులు లేకుండా పందిరి వేస్తే, అది మన ఊళ్ళో పందిరి ఎలా అవుతుంది?

ఇంకొక్కటి అడుగుతాను. పండగ నాడు కనీసం రెండు గంటలు ఆడపిల్లలకీ ఆడవాళ్ళకీ విడిగా పెట్టండి. లేకపోతే మగపిల్లలు రిమోట్ వదలరు, వీళ్ళు వెనక నిలబడి చూసి వెళ్ళిపోతారు.

రాజోలు_రేవు | డిసెంబర్ 20, మధ్యాహ్నం 12:10

అక్కా, పండగ నాడు మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా మీరడిగినట్టే. ఇప్పుడే మావాళ్ళకి చెప్పేశాను.

కాటన్_కాలువ | డిసెంబర్ 20, సాయంత్రం 5:45

లేసు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అయినా ఒక మాట చెప్పాలి. బ్యాటిల్ సిటీ ఆ జాబితాలో లేకపోవడానికి కారణం ఉంది. నామ్‌కో 1985లో దాన్ని జపాన్‌లో విడుదల చేసింది, అమెరికా నింటెండోకి మాత్రం అది రాలేదు. కోట్లలో అమ్ముడయ్యే బజారుకే వెళ్ళనప్పుడు పెద్ద అంకె ఎలా వస్తుంది? మనకి చేరినవి నింటెండోవి కావు, ఆ మెషీన్‌ని చూసి చేసిన నకళ్ళు. వాటితో వచ్చిన క్యాసెట్ల మీద "9999 ఆటలు" అని ఉండేది. లోపల నిజంగా ఉన్నవి కొన్నే. ఒకే ఆటని వేరే స్టేజీ నుంచో, ఎక్కువ లైఫులతోనో మొదలుపెట్టి వేరే పేరుతో చూపించేవాళ్ళు. అందులో ట్యాంకులు తప్పకుండా ఉండేవి. ఆ క్యాసెట్లని ఎవరూ లెక్కపెట్టలేదు.

నాకు అంకెలు ముఖ్యం. ఇష్టం కొద్దీ ఏది పడితే అది "ఎక్కువ అమ్ముడైంది" అనేస్తే పిల్లలకి అబద్ధం చెప్పినట్టవుతుంది. మారియో ఎందుకు అంత దూరం వెళ్ళిందో కూడా పిల్లలకి తెలియాలి. ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు, ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటోకి అంతకు ఎన్నో రెట్లు కావాలి. అందులో 32 స్టేజీలు పట్టించారు. చోటు మిగల్చడానికి ఆకాశంలో మబ్బుకీ కింద పొదకీ ఒకే బొమ్మ వాడి, రంగు మాత్రం మార్చారు. షిగేరు మియమొటో, తకాషి తెజుకా చేసిన పని అది. ఇవన్నీ అట్ట మీద ఉండాలని నా పట్టుదల.

నరసాపురం_లేసు | డిసెంబర్ 20, రాత్రి 7:15

అంకెలు నిజమే రాయండి, నేను కాదనలేదు. వాటి పక్కనే "ఈ లెక్కలో మన జిల్లాలు లేవు" అని కూడా రాయండి. అది కూడా నిజమే కదా.

కాటన్_కాలువ | డిసెంబర్ 20, రాత్రి 7:40

రాస్తాను. ఇంకో పని కూడా చేద్దాం. పందిరి గుంజకి ఒక పెద్ద తెల్ల అట్ట కడదాం. పైన ఆటల పేర్లు. చిన్నప్పుడు ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ, షాపులో గానీ ఏ ఆట ఎక్కువ ఆడారో దాని కింద వచ్చినవాళ్ళు ఒక్కొక్కరు ఒక గీత గీస్తారు. ఒక అట్ట ప్రపంచానిది, ఇంకో అట్ట మనది.

అంతర్వేది_లైట్‌హౌస్ | డిసెంబర్ 21, ఉదయం 7:00

ఆ గీతల అట్ట ఆలోచన బాగుంది బాబూ. నా గీత మారియోకే.

1996 నవంబర్ తుఫానుకి మా ఇంటి పెంకులు లేచిపోయాయి, కొబ్బరి తోట సగం నేలమట్టమైంది. టీవీ గేమ్‌ని మా అమ్మ బియ్యం డబ్బాలో దాచింది. బియ్యం తడిసిపోయాయి, అది మాత్రం పైన ఉండి బతికింది. చాలా రోజులు కరెంటు లేదు. కరెంటు వచ్చిన రోజు అందరూ మోటార్లు వేసుకుంటుంటే, మా నాన్నగారు ముందు టీవీ పెట్టి చూడమన్నారు. మారియో పాట వినబడేసరికి పక్కిళ్ళ పిల్లలందరూ వచ్చేశారు. పడిపోయిన తోట గురించి ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

మీ పిల్లలకి మూడో ప్రపంచం మొదటి స్టేజీ చివర మెట్ల మీద తాబేలు కిటుకు నేర్పండి. దిగివచ్చే తాబేలుని సరైన చోట తొక్కితే, చిప్ప మెట్టుకి తగిలి వెనక్కి వస్తూనే ఉంటుంది, మారియో దాని మీద గెంతుతూనే ఉంటాడు, లైఫులు పెరుగుతూనే ఉంటాయి. 127 దాటనివ్వకండి. దాటాక ఒక్కసారి చచ్చినా ఆట అయిపోతుంది.

లంక_పిల్లాడు | డిసెంబర్ 21, ఉదయం 9:30

మా నాన్నకి ఇది చదివి వినిపించాను. చేస్తున్న పని ఆపేసి "పైన పైన, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ" అన్నారు. నాకేం అర్థం కాలేదు. కాంట్రాలో అలా నొక్కితే 30 లైఫులట. నాన్న అంత వరసగా ఏదైనా గుర్తుపెట్టుకోవడం నేను చూడలేదు.

కాటన్_కాలువ | డిసెంబర్ 21, ఉదయం 10:00

ఆ వరస కనిపెట్టింది కొనామిలో పనిచేసిన కజుహిసా హషిమొటో. 1986లో గ్రాడియస్ ఆటని ఇంటి మెషీన్ కోసం చేస్తున్నప్పుడు, ఆట తనకే మరీ కష్టంగా ఉందని పరీక్షించుకోవడానికి పెట్టుకున్నారు. తీయడం మర్చిపోయారు, అది అలాగే బయటికి వచ్చేసింది. 2020లో చనిపోయారు. ఆయన ఒక్కరి కోసం పెట్టుకున్న వరస మీ నాన్నగారి దాకా చేరింది తమ్ముడూ.

నరసాపురం_లేసు | డిసెంబర్ 21, సాయంత్రం 6:20

డబ్బా టీవీ దొరికింది. మా తమ్ముడి ఇంట్లో 21 అంగుళాలది, మేడ మీద గదిలో ఉంది, బొమ్మ వస్తోంది. పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద సఖినేటిపల్లి రేవు దాకా పంపిస్తాం. అక్కడి నుంచి మీరు తీసుకెళ్ళాలి.

యనమదుర్రు | డిసెంబర్ 21, రాత్రి 9:05

పంటు ఎక్కించేటప్పుడు ఇద్దరు పట్టుకోండి. బరువంతా అద్దం వైపే ఉంటుంది. అద్దం గుండెకి ఆనించుకుని మొయ్యాలి, వెనక మెడ భాగం దేనికీ తగలకూడదు. వెళ్ళగానే వెంటనే పెట్టకండి, కాసేపు ఆగండి.

రాజోలు_రేవు | జనవరి 15, రాత్రి 11:50

అందరికీ పండగ శుభాకాంక్షలు. ఇప్పుడే పందిరి దగ్గర నుంచి వచ్చాను, గొంతు పోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

భోగి నాడు సాయంత్రం మొదలుపెట్టేముందే ఒక టెన్షన్. వీ తో పాటు టీవీ మీద పెట్టే సన్నటి బద్ద ఉంటుంది కదా, దాని వైరు ఎలుక కొరికేసింది. రిమోట్ తెర మీద ఎక్కడ చూపిస్తున్నామో తెలియడం లేదు, ఆట ఎంచుకోవడానికే లేదు. కాటన్ గారికి ఫోన్ చేస్తే, "ఆ బద్ద రెండు చివరలా కంటికి కనబడని వెలుగు ఇచ్చే బల్బులు తప్ప ఏమీ లేదు, చూసేది రిమోటే, రెండు కొవ్వొత్తులు పెట్టండి" అన్నారు. నమ్మకం లేకుండానే టీవీ ముందు అటొకటి ఇటొకటి వెలిగించాం. పనిచేసింది! రెండు రోజులూ గాలి తగలకుండా అట్టముక్కలు అడ్డం పెట్టి, కొవ్వొత్తులతోనే నడిపించాం.

బౌలింగ్ దగ్గర పెద్దవాళ్ళు కూర్చుంటారని నేను అనుకోలేదు. అమెరికాలో వృద్ధాశ్రమాల్లో ఈ ఆట బాగా ఆడేవాళ్ళని కాటన్ గారు అట్ట మీద రాశారు, అది చదివి మా వీధి మామ్మగారు ఒకావిడ ముందుకొచ్చారు. చేతి పట్టీ మేమే బిగించాం. వీ వచ్చిన కొత్తలో రిమోట్లు చేజారి టీవీలు పగిలి, నింటెండో 32 లక్షల పట్టీలు మార్చి ఇస్తామనాల్సి వచ్చిందని విన్నాక మాకు పట్టీ భయం పట్టుకుంది. ఆవిడ బంతి వదిలిన తీరు చూడాలి, ధాన్యం చాటతో తూర్పారపట్టినంత తేలిగ్గా చెయ్యి ఊపారు. అన్ని పిన్నులూ పడ్డాయి. తర్వాత వాళ్ళ మనవడికి రిమోట్ ఎలా పట్టుకోవాలో ఆవిడే చూపించారు.

టెక్కెన్ వరుస రెండు రోజులూ తగ్గలేదు, కాజా తమ్ముడికి థాంక్స్. హనుమాన్, దేశీ అడ్డా డిస్క్‌లు మాత్రం దొరకలేదు.

డబ్బా టీవీ మీద డక్ హంట్ పెట్టినప్పుడు ఈ తరం పిల్లలు గన్ను వదల్లేదు. ఒకటి మాకూ తెలీదు, మొదటి రిమోట్ పట్టుకున్నవాళ్ళు ఆ బాతుని నడపొచ్చు. కువైట్ నుంచి వచ్చిన ఒకాయన గన్ను పట్టుకుంటే, ఆయన కూతురు బాతుని తిప్పి తిప్పి ఆయనకి చిక్కకుండా చేసింది. ఏడేళ్ళ పిల్ల. రెండేళ్ళ తర్వాత ఇంటికొచ్చాడాయన. ఆ పిల్ల మొదటి రోజు ఆయన దగ్గరికి సరిగ్గా రాలేదని వాళ్ళావిడ చెప్పింది.

పండగ నాడు మూడింటికి మగపిల్లల్ని లేపడం కష్టమైంది, అయినా లేపేశాం. ఆ రెండు గంటలు చాలవనిపించి, ఆరు దాకా పొడిగించాం.

గీతల అట్ట ఫొటో రేపు పెడతాను. మారియోకీ కాంట్రాకీ పోటాపోటీగా పడ్డాయి. ట్యాంకుల కింద గీతలు అట్ట అంచుదాకా వచ్చి, చోటు చాలక పక్కన ఇంకో వరస మొదలైంది. కొందరు పేరు కూడా రాసి వెళ్ళారు.

కాటన్_కాలువ | జనవరి 16, ఉదయం 8:10

ఆ అట్టని పారేయకండి. వచ్చే వారం నేనే వచ్చి తీసుకెళ్తాను. 40 ఏళ్ళుగా ఎవరూ వేయని లెక్క అది.

నరసాపురం_లేసు | జనవరి 16, ఉదయం 9:00

నేనూ తమ్ముడూ నిన్న నాలుగింటికి వచ్చాం. ఆడవాళ్ళ సమయంలో వాణ్ణి కూర్చోనిచ్చినందుకు అక్కడి పిల్లలకి థాంక్స్, "మా అక్కతో ఆడాలి" అని అడిగితే ఒప్పుకున్నారు. రిమోట్ పట్టుకున్నాక మేం ఏమీ మాట్లాడుకోలేదు. వాడు పైకి వెళ్ళాడు, నేను గద్ద దగ్గర ఉండిపోయాను. ఎవరు కాపలా ఉండాలని ఈసారి గొడవ రాలేదు. అమ్మ వీడియో కాల్‌లో చూసింది. తను ఇంకా కువైట్‌లోనే ఉంది, ఈ ఏడు వచ్చేస్తానంటోంది.

రేవు తమ్ముడూ, టీవీ తిరిగి పంపొద్దు. అంతర్వేది తీర్థానికి మా పిల్లలు ఎలాగూ అటే వస్తారు, అప్పటిదాకా లైబ్రరీలోనే ఉంచండి. పైన గుడ్డ కప్పండి.

యనమదుర్రు | జనవరి 16, ఉదయం 9:25

గుడ్డ కప్పితే సరిపోదండి, మీ వైపు ఉప్పు గాలి. వారానికోసారి గంటసేపు ఆన్ చేసి ఉంచండి. తీర్థానికి నేనూ వస్తున్నాను, ఒకసారి విప్పి చూస్తాను.